ఆటలో దొంగతనము

గత మాసమున ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మందిరపు అరుగుమీద నలుగురు పిల్లలు సెల్‌ఫోనులలో తుపాకి ఆట ఆడుకొనుచుండగా తగవు పుట్టెను. వారిలో ఒకడు గోడల వెనుక దాగినవారిని సయితము చూపించు దొంగ ప్రోగ్రామును తన ఫోనులో వేసికొనెనట. పిల్లలు దీనిని హ్యాక్ అందురు. మేము దగ్గరకు వెళ్లగా వాడు, "అయ్యగారండీ, ఇది ఉత్త ఆటేగదండీ! ఇందులో ఎవరి సొమ్ము పోయింది?" అని మమ్మునడిగెను. వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. మాకు ఆ ఆటయే తెలియదు!

పిమ్మట ఆ పిల్లలయొద్దనే కొంత నేర్చుకొంటిమి. గురి తానే కుదుర్చు ప్రోగ్రాములున్నవి. తన ఖాతాను నేర్పరి చేతికిచ్చి, వాడు గెలిచిన పతకమును తనదిగా చూపుకొనువారును కలరు.

అయితే అన్నిటిని ఒకే గాట కట్టరాదు. 1986లో జపాను దేశపు కొనామి కంపెనీలో హాషిమోతో అనునతడు గ్రాడియస్ అను ఆటను ఇండ్లలో ఆడుకొను యంత్రమునకు మార్చుచు, పరీక్షించుటకు అది తనకే మిక్కిలి కష్టముగా నున్నందున, కొన్ని మీటలు వరుసగా నొక్కినచో ఓడకు శక్తులన్నియు వచ్చునట్లు చేసికొనెను. అది తీసివేయబడకయే ఆట బజారుకు వచ్చెను. తరువాత కాంట్రా అను ఆటలో అట్టి మీటలకే 30 ప్రాణములు దొరికెడివి. ఒంటరిగా ఆడుకొనుచు వాటిని నొక్కినవాడు పాపియా? కాదనియే మా తలంపు. పొడుపుకథల పుస్తకములో జవాబుల పుట ముందే చూచుకొనువాడు తన సంతోషమునే తగ్గించుకొనును. కాని 30 ప్రాణములతో ముగించి, ఆ మీటలు నొక్కనేలేదని స్నేహితునితో చెప్పినచో అది అబద్ధమే.

ఎదుట మరియొకడున్నప్పుడు సంగతి వేరు. 2018 అక్టోబరులో షాంఘై నగరమున కౌంటర్-స్ట్రైక్ పోటీకి మన దేశమునుండి ఐదుగురి జట్టు వెళ్లెను. వారిలో ఒకని కంప్యూటరులో గురి కుదుర్చు ప్రోగ్రాము పట్టుబడెను. ఉత్తరములు వ్రాసికొను ప్రోగ్రామువలె దానికి 'వర్డ్' అని పేరుండెను. నిర్వాహకులు దగ్గరకు రాగా వాడు దానిని మూసివేయజూచెను. ఐదేండ్ల నిషేధము వానికొక్కనికే. పోటీనుండి వెడలగొట్టబడుట మాత్రము ఐదుగురికి. పిమ్మట ఆ జట్టే రద్దాయెను.

ఇది చదివినప్పుడు మాకు యెహోషువ గ్రంథము 7వ అధ్యాయములోని ఆకాను జ్ఞాపకమునకు వచ్చెను. ఆకాను చేసినది వేరు, ఇది వేరు. రెంటిని సమానము చేయము. అయినను గుడారములో దాచినవాడొకడు, హాయి పట్టణము నెదుట వెన్నిచ్చి పారినవారు వేరొకరు.

అరుగుమీది పిల్లవానితో మరుసటి వారము మాటలాడితిమి. మిగిలిన ముగ్గురు రెండు నెలలుగా తమ వ్రేళ్లకే చురుకుదనము లేదని నొచ్చుకొనుచుండిరని, వారిలో చిన్నవాడు ఆటయే మానుకొనెనని చెప్పితిమి. వాడు తల వంచుకొని, "చెప్పేస్తే నాతో ఆడరేమోనండీ" అనెను. ఆడకపోవచ్చునని మేమును ఒప్పుకొంటిమి. వాడు వెళ్లి చెప్పెను. ఇద్దరు వానితో మరల ఆడుచున్నారు. చిన్నవాడు ఇంకను రాలేదు.