ఏం లేదంకుల్

మెట్టుగూడలో, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటి హాల్లో ఆ ఆంప్‌ని మొదటిసారి చూశాను. సోఫాకీ టీవీ స్టాండుకీ మధ్య, స్పీకర్ల కేబినెట్ మీద, పాత దుప్పటి కప్పుకుని ఉంది. ఇంగ్లండ్‌లో తయారైన మూడు చానెళ్ల ట్యూబ్ ఆంప్, వంద వాట్లది. దుప్పటి తీసి మడత పెడుతూ ఆయన నేనేమీ అడగకముందే చెప్పేశారు.

“ఇది మా అబ్బాయిది బాబూ. వాడు మెల్‌బోర్న్ వెళ్లి ఆరేళ్లయింది. అమ్మేయమంటున్నాడు. మూడో చానెల్ పనిచెయ్యదు. మెకానిక్ చూసి లోపల బోర్డు పోయిందన్నాడు. అది తెలిసే కొనుక్కో.”

యాభై అయిదు వేలు చెప్పారు. మూడో చానెల్ కూడా పనిచేస్తే కేబినెట్‌తో కలిపి ఎనభై వేలకి తక్కువ రాదని నాకు తెలుసు. ఆయనకి తెలీదు.

ట్యూబ్ ఆంప్‌ని స్విచ్ వెయ్యగానే వాయించకూడదు. ముందు పవర్ వేసి, ట్యూబుల్లోని ఫిలమెంట్ వేడెక్కేదాకా కాసేపు ఆగి, అప్పుడు స్టాండ్‌బై స్విచ్ వెయ్యాలి. ఆ నిమిషంలో గాజు బుడ్ల అడుగున నారింజ రంగు మెల్లగా పుట్టుకొస్తుంది. ట్రాన్సిస్టర్ వచ్చి డెబ్భై ఏళ్లు దాటినా గిటార్ వాయించేవాళ్లు ఈ బరువైన, వేడెక్కే, ఖర్చుపెట్టించే వస్తువుని వదలకపోవడానికి కారణం, ఇది తప్పు చేసే పద్ధతి. మోయలేనంత సిగ్నల్ ఇస్తే ట్యూబ్ శబ్దతరంగం పైభాగాన్ని కోసేస్తుంది. ఇంజనీరు దృష్టిలో అది లోపం. మనం డిస్టార్షన్ అంటాం, డబ్బిచ్చి కొనుక్కుంటాం. 1964లో కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవిస్ ఆ గరగర కోసం తన చిన్న ఆంప్ స్పీకర్‌ని బ్లేడుతో కోశాడు. మూడు చానెళ్ల ఆంప్‌లో ఆ లోపాన్నే మోతాదులు కట్టి పెడతారు. మొదటి చానెల్ శుభ్రంగా పలుకుతుంది, రెండోది కాస్త గరుగ్గా. మూడోదానిలో ఒక ట్యూబ్ దశ పెంచిన సిగ్నల్‌ని తర్వాతిది ఇంకా పెంచి, నోటు తెగకుండా పాడిస్తుంది.

మొదటి చానెల్ వాయించాను. తడి గాజు గ్లాసుని చెంచాతో కొట్టినట్టు, అంచున మోగి మధ్యలో నిండుగా ఉంది. ఫుట్‌స్విచ్ తొక్కితే లోపల రిలే టిక్‌మంది. రెండో చానెల్ ఎంత గట్టిగా మీటితే అంత కోపంగా, మెల్లగా మీటితే దాదాపు శుభ్రంగా పలికింది. చాలా బాగుంది. కానీ ఆ మాట పైకి అనలేదు. “గెయిన్ నాబ్ గరగరమంటోంది అంకుల్” అన్నాను. అది నిజమే, మూడొందల రూపాయల స్ప్రేతో పోయేదే. సెకండ్ హ్యాండ్ వస్తువు దగ్గర కూర్చున్నవాడి చెవి విచిత్రంగా పనిచేస్తుంది. బాగున్నది లోపల దాచుకుంటుంది, బాగోలేనిది పైకి చదువుతుంది. బేరం అంటే అంతే కదా అనుకుంటాం.

మూడో చానెల్‌లో సన్నటి బుస తప్ప ఏమీ రాలేదు. ఆయన టీ పెడతానని వంటింట్లోకి వెళ్లారు. నేను వెనక జాలీ విప్పి, జేబులోని పెన్సిల్‌తో చిన్న ట్యూబుల్ని ఒక్కొక్కటే తట్టాను. ట్యూబ్ ఆంప్ కొనడానికి వెళ్లేవాళ్లందరూ చేసే పనే. మూడో ట్యూబ్ దగ్గర, ఎడమచేత్తో పట్టుకున్న కార్డ్ ఒక్కసారిగా ఇల్లంతా మోగింది. రెండు సెకన్లు, అంతే. షెల్ఫులో గ్లాసులు కదిలాయి. మళ్లీ బుస.

బోర్డు పోలేదు. 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబో, అది కూర్చునే సాకెట్టో, అంతే.

వంటింట్లోంచి ఆయన గొంతు: “ఏమైంది బాబూ?”

“ఏం లేదంకుల్” అన్నాను.

నలభై ఎనిమిది వేలకి బేరం తెగింది. ఏడు వేలు తగ్గించడానికి నేను వాడిన ముఖ్యమైన వాదన, మూడో చానెల్ పనిచెయ్యకపోవడమే.

ఇంటికొచ్చాక, ఆంప్ ఆపి, చల్లారాక ఆ ట్యూబ్ ఊడదీశాను. కాళ్ల మీద, సాకెట్ లోపల నల్లటి పొర పట్టి ఉంది. క్లీనర్ కొట్టి, నాలుగైదుసార్లు తీసి పెట్టాను. పావుగంట పని, కొత్తగా అయిన ఖర్చు సున్నా. మూడో చానెల్ మోగింది. కొత్త ఆంప్ మీద మనిషికి మొదటి అభిప్రాయం ఒక్కసారే కలుగుతుంది. నేను దాన్ని గుర్తు తెచ్చుకుందామంటే శబ్దం కన్నా ముందు “ఏం లేదంకుల్” వినిపిస్తోంది.

నా తరఫున వాదించుకోకుండా ఏమీ ఉండలేదు. పదేళ్లుగా ఇలాంటివి విప్పి, చెడగొట్టి, షాకులు తిని నేర్చుకున్నాను. పెన్సిల్‌తో తట్టాలని తెలియడం కూడా ఒక కష్టార్జితమే. ఆ తెలివిని ఊరికే ఎందుకివ్వాలి? డాక్టరు ఊరికే చూస్తాడా? పైగా చట్టం నా వైపే ఉన్నట్టుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. దానికి ఇచ్చిన ఉదాహరణలు చిన్న కథల్లా ఉంటాయి. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పడు. అది మోసం కాదు. ఇద్దరు వర్తకుల్లో ఒకడికి ధరలు మారిన సంగతి ముందే తెలుసు. రెండోవాడికి చెప్పాల్సిన పని లేదు.

అక్కడితో ఆపేస్తే హాయిగా ఉండేది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో రెండు గుర్రాలున్నాయి. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే, చెప్పే బాధ్యత తండ్రికి ఉంటుంది. కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను” అంటే, ఆ తర్వాతి మౌనం మౌనం కాదు, మాటే. అంటే చట్టానికి కూడా తెలుసు, ఎదుటివాడు నమ్మి అడిగాక నోరు మూసుకోవడానికి అర్థం మారిపోతుందని. పైగా నేను నోరు మూసుకోలేదు. ఆయన అడిగారు, నేను జవాబిచ్చాను.

ఈ తగాదా చాలా పాతది. క్రీస్తుపూర్వం 44లో రోమన్ రచయిత సిసిరో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుక్కి కర్తవ్యాల గురించి ఒక పుస్తకం రాశాడు. మూడో భాగంలో ఒక ధాన్యం వ్యాపారి వస్తాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. ఇతను అలెగ్జాండ్రియా నుంచి ధాన్యంతో వచ్చాడు. వెనకాలే ఇంకా ఓడలు వస్తున్నాయని ఇతనికి తెలుసు, ఊరికి తెలీదు. చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? డయోజెనిస్ అనే తత్వవేత్త, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు. ఆంటిపేటర్ ఒప్పుకోడు. సిసిరో తీర్పు ఆంటిపేటర్ వైపు: ఎదుటివాడికి తెలిస్తే మేలు చేసే సంగతి, నీ లాభం కోసం వాడికి తెలీకూడదని నువ్వు కోరుకుంటే, అది దాచడమే.

ఇవన్నీ అమ్మేవాడి కథలు. కొనేవాడి కథ కూడా ఒకటి అందులోనే ఉంది. స్కేవోలా అనే ఆయన ఒక పొలం కొనబోయి, ఒకే ధర చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. “నా లెక్కలో దీని విలువ ఎక్కువ” అని స్కేవోలా ఇంకో లక్ష సెస్టెర్సులు కలిపి ఇచ్చాడట. ఇది మంచివాడు చేసే పనే గానీ తెలివైనవాడు చేసే పని కాదని జనం అనుకుంటారని, ఆ రెంటినీ విడదీయడమే అసలు తప్పని సిసిరో అంటాడు. కొనేవాడి వేషాలు బైబిల్‌కీ తెలుసు. సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఒకడు కొనేటప్పుడు వస్తువు బాగోలేదు బాగోలేదని, కొనుక్కుని అవతలికి వెళ్లాక గొప్పలు చెప్పుకుంటాడు. మెట్టుగూడ హాల్లో గోడ మీద సిలువ కిందే బైబిల్ ఉంది. నేను “నాబ్ గరగరమంటోంది” అన్నది దాని పక్కనే కూర్చుని.

కష్టపడి నేర్చుకున్నది అమ్ముకోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. “అంకుల్, ఇది చిన్న రిపేరు, నేను చేసుకోగలను, అందుకే ఈ ధరకి ఇవ్వండి” అని ఉంటే నా పదేళ్లకి న్యాయంగా కూలి దొరికేది. ఆయన ఒప్పుకునేవారో లేదో ఆయన ఇష్టం. నేను అమ్ముకున్నది నా తెలివి కాదు, ఆయనకి తెలీకపోవడాన్ని.

పదిరోజులు ఇలా నాతో నేనే వాదించుకుని, ఒక సాయంత్రం ఏడు వేలు కవర్లో పెట్టుకుని వెళ్లాను. జరిగింది చెప్పాను. పెన్సిల్, ట్యూబ్, నా జవాబు, అన్నీ. ఆయన “అయ్యో, ఎందుకు బాబూ, ఉంచుకో” అంటారని లోపల ఆశ ఉంది. అనలేదు. నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నారు. అది సరైన పనే. ఆయన వద్దని ఉంటే నేను డబ్బూ మంచితనమూ రెండూ ఉంచుకుని వచ్చేవాణ్ణి.

కాసేపాగి అన్నారు: “అయితే మావాడు పాడు చెయ్యలేదన్నమాట.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. కొడుకు ఎప్పుడూ మూడో చానెలే వాయించేవాడట. ఇల్లు అదిరేది. ఈయనకి ఆ సౌండు ఎప్పుడు విన్నా వస్తువు పాడైనట్టే అనిపించేది. తగ్గించమని రోజూ గొడవ. అది ఆగిపోయినప్పుడు, మెకానిక్ బోర్డు అన్నప్పుడు, అంత ఖరీదైన వస్తువుని చేజేతులా కాల్చుకున్నావని తిట్టారట. “నేనేం చెయ్యలేదు నాన్నా అన్నాడు. నమ్మలా. మొన్న అమ్మేటప్పుడు కూడా ఫోన్‌లో అదే మాటన్నా.” గడియారం వైపు చూశారు. “అక్కడ పడుకునుంటాడు. రేపు చెప్తా.”

నేను దాచింది ఏడు వేల రూపాయల సంగతి అనుకున్నాను. మరీ నిజాయితీగా లెక్కేస్తే పాతిక వేలది. చట్టం లెక్కా అంతే, రోడ్స్ వ్యాపారి లెక్కా అంతే: దాచిన సంగతి విలువ ధరలో తేడా. కానీ ఆ సంగతి అవతలి ఇంట్లో ఎక్కడెక్కడ అతుక్కుని ఉందో దాచేవాడికి ఎలా తెలుస్తుంది? రెండు సెకన్ల ఆ మోత నాకు లాభం. ఆయనకి అది కొడుకు తరఫు సాక్ష్యం. వంటింట్లోంచి వచ్చిన “ఏమైంది” ధర గురించి అడిగిన ప్రశ్న కానే కాదు. ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ శబ్దం రెండు సెకన్లు వినిపించిందేమోనన్న ప్రశ్న. దానికి నేను ఏం లేదన్నాను. చెప్పాల్సిన సంగతిని ఎందుకు చెప్పాలంటే, నాకు తోచిన కారణం ఇదొక్కటే: దాని ఖరీదు ఎంతో మనకి తెలీదు, మనకి తెలిసింది మన లాభం మాత్రమే.

గుమ్మం దాకా వచ్చి, “ఇంకేమన్నా ఉన్నాయా చెప్పాల్సినవి?” అన్నారు నవ్వుతూ.

“ఏం లేదంకుల్” అన్నాను.

మెట్లు దిగుతుంటే ఎనభై వేలు గుర్తొచ్చింది.