రిపోర్ట్ నార్మల్, కడుపు మాత్రం కాదు

 

పోయిన నెల మా చిన్నకోడూరు వెళ్ళినప్పుడు చంద్లాపూర్ దగ్గర రంగనాయక స్వామి గుట్ట ఎక్కాను. కింద రంగనాయక సాగర్ నిండుగా ఉంది. దర్శనం అయ్యి మెట్ల మీద కూర్చుంటే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు కనిపించాడు. వాళ్ళింటివాళ్ళంతా గుళ్ళో ఉన్నారు, తను మాత్రం బయటే. ఎందుకని అడిగాను.

"రెండేండ్ల సంది కడుపు ఖరాబుందన్నా. ఎప్పుడు పోవాల్సొస్తదో తెల్వదు. గుళ్ళె నిలబడ్డంక అర్జెంటైతే ఎట్ల? మైల గాదా?" అన్నాడు. స్కానింగ్, రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, చివరికి కొలనోస్కోపీ, అన్నీ నార్మల్. "ఏదన్న రోగం దొరికితే మంచిగుండు అనిపిస్తదన్నా. ఇంట్లోళ్ళు ఆఫీస్ ఎగ్గొట్టనీకి నాటకం అంటున్నరు."

నేనేమన్నానో తెలుసా? "టెన్షన్ పెట్టుకోకు, రోజూ సహస్రనామం చదువు, అదే పోతుంది" అన్నాను. అతను తల ఊపి ఊరుకున్నాడు. రెండేళ్ళుగా అందరూ చెప్తున్న మాటకే నేను దేవుడి పేరు తగిలించాను, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నార్మల్ అంటే ఏమీ లేదని కాదు తమ్ముడూ. వాళ్ళు వెతికిన పుండు, వాపు, గడ్డ కనిపించలేదని. పేగు చూడ్డానికి బాగానే ఉండి, దాని నడక, దాని స్పర్శ తేడాగా ఉండొచ్చు. పేగు గోడల్లోనే 10 కోట్లకు పైగా నాడీకణాలు ఉంటాయి, మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూ ఉంటాయి. ఐబీఎస్ అనే సమస్యను డాక్టర్లు గుర్తుపట్టేది ముఖ్యంగా లక్షణాలను బట్టే. నీది అదో కాదో నేను చెప్పకూడదు, డాక్టర్‌నే సూటిగా అడుగు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం పాత రిపోర్ట్ చూసుకుని ఆగొద్దు.

ఇప్పుడు నారాయణ తీర్థుల సంగతి. 17వ శతాబ్దం, గుంటూరు జిల్లా కాజ గ్రామం వారని చెప్తారు. కూచిపూడిలో ఇత్తడి పళ్ళెం మీద నిలబడి ఆడే తరంగం చూశారు కదా, ఆ తరంగాలు వారి కృష్ణలీలా తరంగిణివే. ఆయన్ను తీరని కడుపునొప్పి పట్టుకుంది. కావేరి ఒడ్డున నడుక్కావేరిలో పడుకున్న రాత్రి కలలో, తెల్లారి మొదట కనిపించినదాని వెంట వెళ్ళమని ఆజ్ఞ అయింది. కనిపించింది ఒక వరాహం. మనమైతే ఛీ పో అని తరిమేవాళ్ళం! దాని వెంటే భూపతిరాజపురం చేరారు. ఆ ఊరే ఇప్పుడు వరాహూరు. అక్కడ నొప్పి తగ్గిందనీ, 12 తరంగాల ఆ గ్రంథం అక్కడే రాశారనీ సంప్రదాయం.

అందరూ ఈ కథను "నొప్పి పోయింది" దగ్గర ఆపుతారు. నాకు అంతకుముందు ఘట్టం ముఖ్యం. ఆ నొప్పి పేరేంటో కథ ఎక్కడా చెప్పదు. కడుపు పట్టుకునే ఆయన నడిచాడు. నీకు భక్తి తక్కువ కాబట్టి నొప్పి అని ఆయనతో ఎవరనగలరు? పాపఫలం అని నీతో అనేవాళ్ళను కూడా పట్టించుకోకు.

ఇక మైల గురించి. గీత 15వ అధ్యాయం 14వ శ్లోకంలో స్వామి, ప్రాణుల దేహంలో వైశ్వానరాగ్నిగా ఉండి, ప్రాణ అపానాలతో కలిసి అన్నం అరిగించేది తానేనంటాడు. అపానం అంటే తెలుసు కదా, మలమూత్రాలను కిందికి నడిపే వాయువు. నువ్వు సిగ్గుపడేదాని పేరు స్వామి తన నోటితోనే చెప్పాడు. లేచి వెళ్ళాల్సొస్తే వెళ్ళు, కాళ్ళుచేతులు కడుక్కుని మళ్ళీ రా. పాత గుళ్ళకు కోనేర్లు ఊరికే కట్టలేదు.

ఏకాదశి ఉపవాసం పడకపోతే మానెయ్. అసలు తిననివాడికి యోగం కుదరదని అదే గీత 6వ అధ్యాయంలో ఉంది. శనగ గుగ్గిళ్ళు పడకపోతే ఒక్క గింజ కళ్ళకద్దుకో, ప్రసాదం తీసుకున్నట్టే. సహస్రనామం చదువు, కానీ మందులాగా కాదు. అమ్మ పక్కన కూర్చున్నట్టు చదువు, మందు డాక్టర్ ఇచ్చిందే వేసుకో.

మన శనివారం సత్సంగంలో ఈ వారం నుంచి తలుపు పక్క వరుస ఖాళీగా ఉంచమని చెప్పాను. మధ్యలో ఎన్నిసార్లు లేచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.