చాపమీద చోటు, మాటకు చోటు



అద్భుత బలముగల వీరులు గుంపుగా కూడి లోకమును రక్షించు అమెరికా చలనచిత్రములను మన గ్రామముల పిల్లలును ఎరుగుదురు. 2019లో "ఎవెంజర్స్: ఎండ్‌గేమ్" తెలుగు మాటలతోనే మనయొద్దకు వచ్చెను. ఇవి పిల్లల కాలక్షేపమని త్రోసివేయవచ్చును. అయినను పెద్దలు ఆలోచింపదగిన ప్రశ్న యొకటి వాటిలో కలదు: గుంపులో ఒకనికి చోటిచ్చినంత మాత్రమున అతనికి న్యాయము జరిగినట్లేనా?

2011లో వెలువడిన "ఎక్స్‌మెన్: ఫస్ట్ క్లాస్" చిత్రమును చూడుడి. పుట్టుకతోనే వింత శక్తులు కలిగి, లోకముచేత వెలివేయబడిన యౌవనస్థుల కథ యది. వారిలో డార్విన్ అనువాడు నల్లజాతి యువకుడు. ఎట్టి అపాయమునకైనను తగినట్లు దేహమును మార్చుకొని బ్రదుకుటయే అతని శక్తి. అయినను ఆ జట్టులో మొదట చచ్చువాడు అతడే! టాక్సీ తోలుచుండెనని తప్ప, అతని ఇల్లేది, తల్లి యెవరు, అతని మనస్సులోని భారమేమి అనునది మనకు తెలియదు.

"కథలో ఎవరైనను చావవచ్చును గదా, నల్లవాడు మాత్రము చావకూడదా?" అని యొకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. చావులేని బొమ్మగా నిలువబెట్టుటయు మనుష్యునికి గౌరవము కాదు. దీనికి జవాబు మరియొక చిత్రములో కనబడుచున్నది.

2017 నాటి "జస్టిస్ లీగ్"లో సైబోర్గ్ అను నల్లజాతి వీరుడున్నాడు. ప్రమాదములో తల్లిని పోగొట్టుకొని, శాస్త్రజ్ఞుడైన తండ్రిచేత యంత్రదేహము పొందినవాడు. రెండు గంటల ఆ చిత్రములో అతని కథ చాలవరకు కత్తిరింపబడెను. 2021లో దర్శకుడు జాక్ స్నైడర్ దానిని నాలుగు గంటల చిత్రముగా మరల కూర్చినప్పుడు, ఆ తల్లి ప్రేమ, తండ్రిమీది కోపము, కుమారుని ఒంటరితనము తెరమీదికి వచ్చెను. నటుడు రే ఫిషరే. దృశ్యములును చాలవరకు మునుపు తీసినవే. రెండుమారులును జట్టులో అతనికి చోటుండెను. మొదటిమారు అనవసరమని కోసివేయబడినదే అతని హృదయము.

ఆదిసంఘములోను ఇట్టి సణుగు పుట్టెను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చదువుడి. గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో మరువబడిరి. అపొస్తలులు వారిని గద్దింపలేదు; ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘముతో చెప్పిరి. ఆ ఏడుగురి పేళ్లును గ్రీకు పేళ్లే. అనగా నష్టపడినవారి పక్షపువారి చేతికే వడ్డన అప్పగింపబడెను. వారిలో స్తెఫను మొదటి హతసాక్షి యాయెను. అతడును చనిపోయెను, అయితే చనిపోకముందు అతని ప్రసంగము 7వ అధ్యాయమంతయు దాదాపుగా నిండియున్నది. డార్విన్ చావునకును స్తెఫను చావునకును గల భేదము ఇదియే. ఒకడు మనకు తెలియకమునుపే పోయెను. మరియొకని మాటలు మనము నేటికిని చదువుచున్నాము.

ప్రియులారా, ఆ చిత్రములను కూర్చినవారికి మనము బుద్ధి చెప్పనక్కరలేదు. మన కూటములను చూచుకొందము. కూలికి పోవు విధవరాలికి ఆదివారము మన చాపమీద చోటున్నది. సంఘపు లెక్కలు చెప్పుకొను దినమున ఆమె నోరు విప్పినయెడల, మనము ముగించువరకు విందుమా, నడుమనే కోసివేయుదుమా?