బాలుని కాలము - పెద్దల సత్యము

నాలుగేండ్ల బిడ్డ “నిన్న తాడేపల్లిగూడెము పోవుదము” అనును. మూడు నెలల క్రిందటి పెండ్లి “నిన్న జరిగినది” అనును. పెక్కు ఇండ్లలో దీనికి అబద్ధమని పేరు. కొన్నిచోట్ల దెబ్బలును కలవు. ఈ నేరారోపణ న్యాయమగునా యని విచారింప దలచితిమి.

జ్ఞానములన్నియు నొక్కసారి పక్వమునకు రావు. వినికిడి ముందు మేల్కొనును. పుట్టిన మూడు దినముల లోపలనే శిశువు తల్లి గొంతును ఇతర స్త్రీల గొంతులనుండి వేరుపరచి కోరునని 1980లో అమెరికాయందు డికాస్పర్, ఫైఫర్ అను పండితులు చూపిరి. ఆంగ్లము మాటలాడు ఇండ్ల శిశువులు ఆరేడు నెలల ప్రాయమున హిందీలోని త, ట ల భేదమును గ్రహింతురనియు, ఏడాది నిండువేళకు ఆ శక్తి సన్నగిల్లుననియు 1984లో కెనడాయందు వెర్కర్, టీస్ అనువారు కనుగొనిరి. నల్లజర్ల బిడ్డకు ‘పాత’ వేరు, ‘పాట’ వేరు. ఇంటి మాటలే ఆ శక్తిని నిలిపినవి.

స్థలజ్ఞానము మోకాళ్లతో వచ్చును. 1960లో గిబ్సన్, వాక్ అనువారు క్రింద లోతు కనబడునట్లు అద్దము పరచి చూడగా, ప్రాకెడు శిశువులలో పెక్కుమంది తల్లి పిలిచినను ఆ యద్దము మీదికి పోరైరి. ప్రాకుట అలవడిన కొలదియు ఈ జంకు హెచ్చునని పిమ్మటివారు తెలిసికొనిరి.

కాలమన్ననో కంటికి కానరాదు, చేతికి అందదు. రెండు బొమ్మలు ఒక్కసారి కదలి ఒక్కసారి ఆగినను, ఎక్కువ దూరము పోయినదే ఎక్కువ కాలము నడచినదని పసివారు చెప్పుదురని స్విట్జర్లాండు పండితుడగు ప్యాజే 1946లో ప్రకటించెను. అట్టివానికి నిన్నయు రేపును ‘నేడు కానిది’ యను నొక్క అర్థముననే యుండుట వింత కాదు. హిందీలో పెద్దలే రెండింటిని ‘కల్’ అందురు గదా!

అసత్యమనగా ఎరిగి దాచుట. ఎరుగనిదానిని దాచుట యెట్లు? దండించినచో బిడ్డ కాలమును నేర్వడు, భయమును నేర్చును. నిజమైన అబద్ధము ఆ భయమునుండియే పుట్టును. అట్లని దిద్దవలదని మా మతము కాదు. “రెండు రాత్రులు నిద్రపోయి లేచిన పిమ్మట” అన్నచో బిడ్డకు ఎల్లుండి బోధపడును.

మరి, ఏడ్చు బిడ్డతో “రేపు కొల్లేటి పక్షులను చూపెదను” అని, వానికి దినముల లెక్క తెలియదను ధైర్యమున ఊరకుండు పెద్దల మాట యేమి? వారు ఎరిగియే పలికిరి. దినములు లెక్కింపనేరని వానికి పెద్దల మాటయే పంచాంగము. కావున గృహస్థులారా, చూపదలచిన దినమునే చెప్పుడు. లేనిచో రేపు అనకుడు.