రిబ్బన్ కోసిన మర్నాడు

మార్చి నెలాఖరుకల్లా కర్నూలు, నంద్యాల, కడప వీధుల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. కొబ్బరాకుల పందిరి, ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టికుండలు, పైన దాతల బొమ్మలతో ఫ్లెక్సీ. రిబ్బన్ కోసి తొలిరోజు మజ్జిగ పోస్తారు. గ్లాసు అందుకుంటున్న అవ్వను కాసేపు అట్లాగే ఉండమంటారు, ఫొటోలో అందరూ పడాలి కదా! సాయంత్రానికి ఆ బొమ్మ వాట్సాప్ స్టేటస్‌లలో తిరుగుతుంది. తీరా మే నెలలో, ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున వెళ్లి చూస్తే కొన్నిచోట్ల కుండలు ఎండిపోయి ఉంటాయి. ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరదు.

నీళ్లకు కటకటలాడే సీమలో దాహం తీర్చడాన్ని మించిన పూజ లేదు. ఆ పూజ ఎవరు చూడాలని చేస్తున్నామన్నదే ప్రశ్న. గౌరవం కోసం, పదిమంది మెప్పు కోసం ఆడంబరంగా చేసే తపస్సు రాజసమని గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. అంతటితో ఆగలేదు, అది నిలకడ లేనిదని కూడా అన్నాడు. నాకు ఆ రెండో మాటే పెద్దదిగా తోస్తుంది. చూసేవాళ్ల కోసం మొదలైన సేవ వాళ్లు పక్కకు తిరగగానే ఆగిపోతుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనీయవద్దని క్రీస్తు బోధించాడు. ముహమ్మద్ ప్రవక్త హదీసులోనూ ఇదే మాట ఉంది.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించి ప్రాణాలు నిలబెట్టాడు. విక్టోరియా మహారాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. ఆ పతకం సంగతి ఇవాళ ఎందరికి తెలుసు? పల్లె జనం ఆయన ధర్మాన్ని పాటగట్టి పాడుకున్నారు, ఆ పాట బతికింది. ఆ పేరు తిన్నవాళ్ల నోట పుట్టింది.

గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు కూడా అట్లాంటివారే. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం కోసం ఫొటో అడిగితే ఆమె ఒప్పుకోలేదట. అది పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పని అధికారి బతిమాలాక సరేనన్నారని చెబుతారు. ఇంకొకరి అన్నం పోకూడదనే ఆ ఒక్క ఫొటో!

అలాగని ప్రతి పోస్టూ తప్పు కాదు. ఫలానా రోగికి రక్తం కావాలని, ఫలానా సందులో నీళ్లు లేవని చెప్పే పోస్టు పుణ్యమే. అందులో పెట్టినవాడి ముఖం ఉండదు, అవసరం ఉంటుంది. ఆసుపత్రి మంచం మీది రోగికి ఐదుగురు కలిసి ఒక్క అరటిపండు అందిస్తున్న ఫొటోలూ చూస్తుంటాం. ఈసారి అట్లాంటిది కనబడితే ఆ రోగి కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి.

ఇందులో నష్టం ఇచ్చినవాడికే ఎక్కువ. స్టేటస్‌లో రోజూ కనబడే ఆ దానశీలిని కొన్నాళ్లకు మనమే నమ్మేస్తాం. లోపలున్న లోభాన్ని దేవుడి ముందు ఒప్పుకోవాలన్న ఊహ కూడా ఇక రాదు. ఒప్పుకోలు లేని చోట ప్రార్థన పెదవులు దాటదు.

ఈ వేసవిలో చలివేంద్రం పెట్టబోయేవాళ్లకు ఒక విన్నపం. ఫ్లెక్సీ మీద మీ బొమ్మ వేయించాలనుకున్న చోట, కుండ ఖాళీ అయితే ఎవరికి చెప్పాలో ఆ ఫోన్ నంబరు రాయించండి. ఫోన్ మోగితే ఎత్తండి. తొలకరి పడేదాకా రోజూ కుండ కడిగి నీళ్లు పోయించండి.