బిడ్డను చూచుకొనువారి జీతము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 2:1-10, లూకా 10:30-37



నాట్ల దినములలోను మిరపకాయ కోతల దినములలోను మన తల్లులు తెల్లవారక మునుపే పనికి పోవుదురు. భీమవరము వైపు రొయ్యల షెడ్లకు పోవువారికి వేళయే లేదు. చెరువు పట్టుబడి యైన దినమున కబురు వచ్చును. సరుకు తీరువరకు పని యుండును. సరుకు లేని దినమున పనియు లేదు, కూలియు లేదు. ఆసుపత్రులలో నర్సులుగా నున్న మన ఆడబిడ్డలకు ఒక వారము పగలు, ఒక వారము రాత్రి డ్యూటీ. 1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు మన పిల్లలకు గొప్ప మేలు చేసినవి. అయితే ఆ తలుపు మూసిన తరువాత చంటిబిడ్డను ఎవరు చూడవలెను? వీధిలోని యొక మామ్మయో, విధవరాలైన యొక పిన్నియో చూచుచున్నది. ఆమెకు ఎంత ఇయ్యవలెనను విషయమై మాటపట్టింపులు పుట్టి, ప్రభువు బల్లయొద్ద సహితము ఒకరి ముఖము ఒకరు చూడని స్థితి వచ్చుచున్నది. కనుక ఇది చిన్న సంగతి కాదు. వాక్యము మనకేమి నేర్పుచున్నదో చూతము.

1. బిడ్డను చూచుట పనియే.

నదియొడ్డున జమ్ములో దొరికిన బిడ్డను ఫరో కుమార్తె ఒక దాదికి అప్పగించినప్పుడు, ఊరక పెంచుమని అడుగలేదు; జీతమిచ్చెదనని ముందుగానే చెప్పెను. ఆ దాది మోషే కన్నతల్లియైన యోకెబెదు. ఆమె తన కడుపున పుట్టిన బిడ్డకే పాలిచ్చి పెంచుచు జీతము పుచ్చుకొనెను. అది తప్పని లేఖనము ఎక్కడను చెప్పలేదు. ప్రేమ యున్నచోట జీతమెందుకని కొందరందురు. ఆ తల్లికంటె ఆ బిడ్డను ప్రేమించినవారెవరు? ప్రేమయు జీతమును ఒక్క యింట నిలువగలవు.

2005లో చేయబడిన ఉపాధి హామీ చట్టము కూడ ఈ సంగతిని గుర్తించినది. పనికి వచ్చిన స్త్రీలతో ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురుగాని అంతకు ఎక్కువగాని యున్నయెడల, ఆ స్త్రీలలో ఒకరిని పిల్లలను చూచుటకు నియమించి, ఆమెకును కూలి ఇయ్యవలెనని అందులో వ్రాసిరి. గనుక "ఆమె ఇంట ఊరక కూర్చున్నదే గదా" అను మాట మన నోట రాకూడదు.

2. మాట ముందుగా కుదుర్చుకొనవలెను.

లాబాను తన జీతమును పది మారులు మార్చెనని యాకోబు మొరపెట్టెను (ఆది 31:7). ద్రాక్షతోట యజమానుడైతే ఉదయముననే కూలి ఒప్పుకొనెను (మత్తయి 20:2). వేళ తెలియని పనివారికి ఈ జాగ్రత్త మరి యెక్కువగా కావలెను.

మంచి సమరయుని చూడుడి. గాయపడినవాడు లేచుటకు ఎన్ని దినములు పట్టునో అతడును ఎరుగడు, పూటకూళ్లవాడును ఎరుగడు. అతడు రెండు దేనారములు చేతికిచ్చెను. అది ఆ కాలమున రెండు దినముల కూలి. అంతకుమించి ఖర్చైనదానిని తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. తెలిసినదానికి సొమ్ము ఇచ్చెను, తెలియనిదానికి మాట ఇచ్చెను. ఆలస్యపు భారమును పూటకూళ్లవానిమీద వేసి పోలేదు.

మనమును ఇట్లే చేయవచ్చును. ఉదాహరణకు, ఉదయము మొదలు దీపాలవేళ వరకు బిడ్డకు 80 రూపాయలని ఒప్పుకొనిరనుకొనుడి. దీపాలవేళ దాటిన తరువాత గంటకు 10 రూపాయలని అప్పుడే చెప్పుకొనవలెను. మామ్మ వేరు పని మానుకొని కాచుకొనియుండగా, షెడ్డులో పని లేదని తల్లి బిడ్డను తేనియెడల, సగము, అనగా 40 రూపాయలు ఇచ్చుట న్యాయము. ఆ దినము మామ్మకు తిరిగి రాదు గదా. పాలు, బిస్కట్లు ఎవరు తేవలెనో, జ్వరము వచ్చిన బిడ్డ సంగతి ఏమో, అదియు ముందే మాటలాడుకొనుడి. మామ్మ కూడ, వ్యాను వాకిట నిలిచిన వేళ తల్లి తొందర చూచి రేటు పెంచకూడదు. అదియు లాబాను పనియే.

3. చెప్పిన దినమున చెల్లించవలెను.

కూలివాని కూలి ప్రొద్దుగుంకకమునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీ 24:15). తల్లికి వారమునకొకసారి కూలి వచ్చునట్లయితే శనివారమని చెప్పి, ఆ శనివారమే చెల్లించవలెను. తన కూలి ఆలస్యమైనదని షెడ్డు మేస్త్రీమీద సణిగిన తల్లి, మామ్మను రేపు రమ్మనుట తగునా?

4. దయ ఎవరి సంచిలోనుండి?

ఇక్కడ కఠినమైన ప్రశ్న కలదు. భర్త విడిచిన తల్లి, వారములో రెండు దినములే పని దొరికిన తల్లి ఏమి ఇయ్యగలదు? "పాపము, తగ్గించుకొనవమ్మా" అని మనమందరము మామ్మకే బోధింతుము. ద్రాక్షతోట యజమానుడు చివరి గంటకు వచ్చినవారికి నిండు కూలి ఇచ్చినప్పుడు, తన సొంత సొమ్ములోనుండి ఇచ్చెను. మొదట వచ్చినవారి కూలిలో ఒక కాసైనను తగ్గింపలేదు. మనమో, బీదరాలిమీద దయను మరియొక బీదరాలి సంచిలోనుండి చూపుచున్నాము.

ప్రియులారా, మామ్మ తనంతట తాను తగ్గించుకొనినయెడల అది ఆమె కానుక. ప్రభువు దానిని ఎరుగును. మనము బలవంతపెట్టినయెడల అది కానుక కాదు. ఆ లోటును సంఘము భరించవలెను. స్త్రీల సమాజపు పిడికెడు బియ్యములోనుండి, కోతకాలపు కానుకలోనుండి కొంత దీనికై ప్రత్యేకించి, పేరు చాటింపక మామ్మకు చేర్చుడి. ఒకని భారమును ఒకడు మోయుట (గలతీ 6:2) అనగా ఇదియే. ఈ నెలలో పెద్దలు కూడుకొనునప్పుడు ఈ సంగతి తప్పక ఎత్తుడి.

ప్రార్థన: చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువా, మా తల్లులు పనిలోనుండగా మా పిల్లలను ఒడిలో పెట్టుకొను చేతులను దీవించుము. వారికి చెల్లవలసినది మేము అపహరింపకుండ మమ్మును కాపాడుము. ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని నీ సమాధానము దయచేయుము. ఆమేన్.