రవాణాకు ఆగని రసం

బంగినపల్లిని మెచ్చుకోవాలంటే మాటలు సిద్ధంగా ఉంటాయి: పలుచని పసుపు తొక్క, పీచులేని గట్టి కండ, కోస్తే ముక్కగా నిలవడం, పండాక కూడా కొన్నాళ్ళు చెడకపోవడం. 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. నూజివీడు రసాలకు ఇవేవీ లేవు. పిసికి, ముచ్చిక తీసి, మోచేతి దాకా కారుతుంటే జుర్రుకోవాలి. పాలమూరు, నల్లగొండ ఊళ్ళలోని నాటు మామిళ్ళలోనూ ఇలాంటివి ఉంటాయి. అవి కత్తికీ లొంగవు, లారీకీ ఓర్వవు. బొంబాయి బండ్ల మీద హాపూస్ పక్కన బంగినపల్లి కనిపిస్తుంది గానీ రసం కనబడటం అరుదు.

గట్టిదనం పండు సుగుణమా, మోసేవాడి సౌకర్యమా? టెంక నాటితే తల్లి గుణమే వస్తుందన్న భరోసా లేదు. అందుకే తరతరాలుగా అంటు కడుతున్నాం. కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ చెట్టు కావాలి, ఆ చెట్టు వద్దు అనుకున్నారు. మనుషులనూ ఇలాగే ఎంచుకున్నారు.

1780లలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట సముద్రపు పోటును ఆపాక బొంబాయి పల్లపు నేల ఇళ్ళకు పనికొచ్చింది. నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు అక్కడ స్థిరపడి నగరాన్ని కట్టారు. కామాఠీలని పిలిచిన ఆ కూలీల పేరే కామాఠిపురం పేటకు మిగిలింది. ఎండకు ఓర్చేవాళ్ళు, మొండివాళ్ళు అని వాళ్ళను ఇప్పటికీ పొగుడుతాం. అది మేస్త్రీ పొగడ్త. వచ్చినవాళ్ళలో పాటగాళ్ళు లేరా, కథలు చెప్పేవాళ్ళు లేరా? నగరం అడిగింది మాత్రం భుజాలను. తర్వాత మిల్లులు పద్మశాలీల చేతులను అడిగాయి. 1982లో మిల్లు కార్మికుల సమ్మె తర్వాత అవి ఒక్కొక్కటే మూతపడితే ఆ చేతుల నేర్పును అడిగినవాడు లేడు.

ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో బార్ట్‌లెట్‌గా పేరు మారిన విలియమ్స్ బేరిపండుది వేరే తీరు. పచ్చిగా కోసి మాగబెట్టాలి. చెట్టుమీదే పండనిస్తే లోపలినుంచి మెత్తబడి పాడవుతుంది. వలసను సమర్థించడానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ దొరకదు. అందుకే నాకు దానిమీద అనుమానం. బేరిని ఎప్పుడు కోయాలో తోటమాలి చూసి కోస్తాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషిని కోసిన కరువు ఏం చూసింది?

ఇప్పుడు కామాఠిపురాన్ని కూల్చి కట్టే పథకం మాట నడుస్తోంది. ఒక్కో గదికి చదరపు అడుగుల లెక్క వేస్తారు. ఉమ్మడి వరండాలో ముగ్గు చోటు కోసం తెలుగులో పోట్లాడుకునే హక్కును ఏ అంతస్తులో, ఎవరి పేర రాస్తారో కూడా అడగాలి.